గూడు ఊపే అమానుల్లా బిడ్డ

"గూళ్ళు" అంది రమాదేవి, అద్దానికి అవతల చెయ్యెత్తి.

రుక్సానా చెవుల మీద హెడ్‌ఫోను సర్దుకుని, గుక్కెడు నీళ్ళు తాగి, మైకు ముందు మళ్ళీ మొదలుపెట్టింది. "నమస్కారం. పట్టుబాటకు స్వాగతం. నిన్న హిందూపురం మార్కెట్లో మేలురకం పట్టుగూడ్లు..."

చెయ్యి మళ్ళీ లేచింది.

"గూళ్ళు, రుక్సానా. నాలుక కొంచెం లోపలికి మడిచి చూడు."

"మడుస్తానే ఉండా మేడం. అదే నిలబడల్యా."

ధర్మవరంలో చీరల అంగడి మీద మేడగది అది. బయటి చప్పుడు లోపలికి రాకుండా నాలుగు గోడలకూ స్పాంజి అంటించారు. అయినా కింద అంగట్లో సేటు చీర విదిలించి పరిచినప్పుడల్లా ఆ విసురు మెట్లెక్కి పైకి వస్తూనే ఉంటుంది. పట్టుపురుగులు పెంచే రైతులకు రోజూ పొద్దున మేత వేసే వేళకు ఫోనులో వచ్చే మాటకు పట్టుబాట అని పేరు. ఆకుకు ఏ తెగులు తగిలింది, ఎండ ఎంత కాస్తుంది, మార్కెట్లో గూళ్ళు ఏ ధర పలికాయి, ఇవన్నీ ఒక ఆడగొంతు చెప్తుంది. ఆ గొంతు రుక్సానాది. మాటలు రాసిచ్చేదీ, పలుకు దిద్దేదీ రమాదేవి. కంపెనీ గంగాధర్‌ది.

మైకుకు ఎదురుగా గోడమీద రమాదేవి తన గుండ్రటి అక్షరాలతో రాసి అంటించిన కాగితం ఉంది. ఇండ్లు కాదు, ఇళ్ళు. పండ్లు కాదు, పళ్ళు. కండ్లు కాదు, కళ్ళు. ఏండ్లు కాదు, ఏళ్ళు. గూడ్లు కాదు, గూళ్ళు. వస్తువు ఒకటే ఉన్నంతసేపు రుక్సానాకు ఏ చిక్కూ లేదు. ఒక ఇల్లు, ఒక పండు, ఒక గూడు ఆమె నోట్లోంచి హాయిగా జారిపోతాయి. రెండయ్యాయంటేనే తంటా మొదలవుతుంది. హిందూపురంలో పుట్టి పెరిగిన నాలుకకు రెండో ఇల్లు కట్టాలంటే మధ్యలో ఒక 'డ' పడాల్సిందే, అది లేకుండా గోడ నిలబడదు.

అయిదోసారికో ఆరోసారికో గూళ్ళు కుదిరింది. రమాదేవి అద్దం తలుపు తీసుకుని లోపలికి వచ్చి, రుక్సానా చేతిలో టీ గ్లాసు పెట్టింది.

"కోపమొచ్చిందా?"

"లేదు మేడం."

"నేను చదువుకునేటప్పుడు ఒకసారి కండ్లు అన్నాను. క్లాసంతా నవ్వింది. నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని నా బాధ. ఇది రేడియోతో సమానం. ఇక్కడ గొంతు మనది కాదు, కంపెనీది. దానికి పేరుండకూడదు, ఊరుండకూడదు, యాస ఉండకూడదు."

రుక్సానాకు ఆమె మీద నిజంగానే కోపం లేదు. తప్పుకు చెయ్యెత్తినా, తప్పు పోయాక టీ తెచ్చిచ్చే మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది.

ఆ టీ సగంలో ఉండగా గంగాధర్ ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే గదిలోకి వచ్చాడు. మంచి కబురైతే మూసి చంకలో పెట్టుకుని వస్తాడు, తెరిచి పట్టుకుని వచ్చాడంటే ఏదో ఉందన్న మాటే.

"చూడండి మేడం. ఫోను ఎత్తుతాండారు. మొదటి మాట కాడనే పెట్టేస్తాండారు. పోయిన నెలా ఇంతే, ఈ నెలా ఇంతే. చివరిదాకా వినేటోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

రమాదేవి కళ్ళజోడు పెట్టుకుని తెర వైపు వంగింది. రుక్సానా గ్లాసు కింద పెట్టింది.

"బెంగుళూరోళ్ళు కంప్యూటర్ గొంతు ఇస్తామంటాండారు" అన్నాడు గంగాధర్, రుక్సానా వైపు చూడకుండా. "దానికి జలుబు చెయ్యదు, రైలు తప్పిపోదు. నాకూ ఇష్టం లేదులే. ఈ శనివారం దాకా చూస్తా. అప్పటికీ ఇట్లనే ఉంటే నేను చేసేదేమీ లేదు."

*

పాసింజరు రైలు పెనుకొండ దాటేదాకా రుక్సానా కిటికీ చువ్వకు తల ఆనించుకుని కూర్చుంది. ఆమె చదివింది తెలుగు మీడియం. ఇంటర్వ్యూ రోజు గంగాధర్ ఆమె పేరు విని, మాట విని, "సాయిబుల పాపవే, తెలుగు ఎంత బాగుండాది" అన్నాడు. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగు తప్ప వేరే మాట లేదని చెబితే ఇంకా ఆశ్చర్యపోయాడు. ఆ ఉద్యోగం దొరికిన నాటి నుంచి పొద్దునే లేచి రైలెక్కడం ఆమెకు పండగలాగే ఉంది. అంతకు ముందు బట్టలంగట్లో చేసినప్పుడు సాయంత్రానికి కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు ఒక మాట చక్కగా పలికిందంటే దాన్ని రైల్లో మనసులోనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ వస్తుంది. ఆ పని పోతుందంటే, ఇవాళ కుదిరిన గూళ్ళును మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

ఇంట్లో నాయన అమానుల్లా అప్పటికే సంగటి ముందర కూర్చున్నాడు. ఆయన హిందూపురం మార్కెట్లో దారం తీసే రీలర్లకు మంచి గూళ్ళు ఎంచిపెడతాడు. గూడును రెండు వేళ్ళతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల పురుగు ఆడే చప్పుడును బట్టి సరుకు ఎట్లాంటిదో చెప్తాడు. రైతులకూ రీలర్లకూ ఇద్దరికీ ఆ చెవి మీద నమ్మకం. అందుకే మార్కెట్లో ఆయన్ను ఒట్టి అమానుల్లా అని ఎవరూ అనరు, గూడు ఊపే అమానుల్లా అంటారు.

"ఏం మే, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

రుక్సానా చెప్పింది. అవ్వ షంషాద్‌బీ ఊరిబిండి పచ్చడి గిన్నె పట్టుకుని నిలబడి అంతా విని, "నేను రోజూ వింటా గదా" అంది.

"నువ్వు రైతువా అవ్వా?"

"వినేదానికి రైతు కావల్నా? బాగానే చెప్తావు. కాకపోతే చెప్పేది నువ్వే అని నమ్మకం కుదరదు. ఇళ్ళు, పళ్ళు అంటాంటే ఎవురో బెజవాడ దొరసాని మనింట్లోకి వచ్చి కూర్చున్నట్టుంటాది."

"అది నిజమే" అన్నాడు అమానుల్లా. "మార్కెట్లో ఎవురన్నా గూళ్ళు అంటారా మే? గూడ్లు అని చూడు ఒక్కసారి. ఎందుకు వినరో చూస్తాం."

ఆ మాట రుక్సానాకు తాను అనుకున్నదే అయినా, నాయన నోట వినగానే ధైర్యం వచ్చింది. రెండో ముద్ద కూడా పెట్టించుకుని తినింది.

*

మర్నాడు రమాదేవి చాలాసేపు ఒప్పుకోలేదు. రాసే భాష ఒకటి, మాట్లాడే భాష ఒకటి అంది. ఈ రోజు గూడ్లు అన్నవాళ్ళు రేపు ఉండాది అంటారు, ఎల్లుండికి కట్ట తెగిన చెరువే అంది. కానీ శనివారం గడువు ఆమెకూ గుర్తుంది.

"ఒక్క రోజు" అంది చివరికి. "నేను ఇక్కడుంటే నా చెయ్యి ఊరుకోదు. కిందికి పోయి చీరలు చూస్తాను. నువ్వు చదువుకో."

ఆమె దిగిపోయాక రుక్సానా కాగితం వైపు చూడకుండా కళ్ళు మూసుకుని చదివింది. ఇండ్లు, ఏండ్లు, పట్టుగూడ్లు. ఒక్కచోటా నాలుక తడబడలేదు. చదువుతుంటే తనకే నవ్వొచ్చింది. రమాదేవి పైకి వచ్చేసరికి ఈసారి టీ రుక్సానాయే తెప్పించి పెట్టింది. మేడం వింటుంటే, గూడ్లు అన్న చోటల్లా కుడిచెయ్యి ఒళ్ళోనే ఉలిక్కిపడటం రుక్సానా చూసింది.

ఆ మాట బుధవారం పొద్దున రైతుల ఫోన్లకు పోయింది. మధ్యాహ్నం గంగాధర్ ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే వచ్చాడు.

"గింజంత తేడా లేదు" అన్నాడు.

రుక్సానాకు నమ్మకం కలగలేదు. తానే తెర చూసింది. నిన్నటి గీత, ఇవాళ్టి గీత ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. రమాదేవి "నేను చెప్పలేదా" అని ఒక్క మాట అంటుందేమోనని ఎదురుచూసింది. అంటే ఎదురు చెప్పొచ్చు, కాస్త కోపం తెచ్చుకోవచ్చు. రమాదేవి అనలేదు. "రేపటిది చదివేద్దాం రా" అని మామూలుగా పిలిచింది. రేపటి మాటల్లో గూడ్లు మళ్ళీ గూళ్ళయ్యాయి.

రైల్లో ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. మొదట రమాదేవి పలుకు తప్పనుకుంది. ఇప్పుడు తన పలుకూ పనికిరాలేదు. అదీ కాక, ఇదీ కాక, ఇంక మిగిలింది తన గొంతే. గొంతే బాగాలేకపోతే దానికి మందు యాడ దొరుకుతుంది.

ఇంటికి పోయి సంగటి వద్దంది. అమానుల్లా ఆమెను కాసేపు అట్లనే వదిలేసి, తర్వాత చెయ్యి కడుక్కొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గూడు మంచిదో కాదో నేను ఆడ కూర్చోని, గూడు ఈడ పెట్టుకోని చెప్తానా?"

"లేదు."

"చేతికి తీసుకోని, చెవి కాడ పెట్టుకుంటా గదా. మళ్ళ నువ్వు మేడ మీద కూర్చోని, వాళ్ళు ఎందుకు వినరో ఎట్ల తెలుసుకుంటావు? పెనుకొండ కాడ వెంకటమ్మ ఉండాది. మన కాడికే గూడ్లు తెస్తాది. రేపు పొద్దున ఫోను వచ్చే యాలకి ఆమె షెడ్డు కాడ ఉండు."

*

పెనుకొండలో రైలు దిగి, షేర్ ఆటోలో గుట్ట పక్కన పల్లెకు పోయేసరికి పొద్దు బారెడు పైకి వచ్చింది. మల్బరీ తోట చివర వెంకటమ్మ షెడ్డు. వాకిలికి తడిపిన గోనెపట్ట వేలాడుతోంది. గడప ముందు సున్నం గీత, పక్కన నీళ్ళ తొట్టి. రుక్సానా గోనెపట్ట తీయబోయింది.

"ఎవురది? ఆడే నిలబడు" అని లోపలి నుంచి మాట వచ్చింది. గట్టిగా కాదు, పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో అన్నట్టు.

"నేను, రుక్సానా."

"రుక్సానా అంటే? ఎవురి బిడ్డవి?"

"హిందూపురం అమానుల్లా బిడ్డను పెద్దమ్మా. మార్కెట్లో గూడు ఊపే అమానుల్లా."

లోపల ఆకు చప్పుడు ఆగింది. గోనెపట్ట పక్కకు జరిగి, తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ ముఖం బయటికి వచ్చింది. కిందికీ మీదికీ చూసింది.

"ఆ ముక్కు అమానుల్లాదే. చెప్పులు ఆడ ఇడిచి, కాళ్ళు కడుక్కోని, సున్నం తొక్కి రా. పురుగులు నిన్ననే నాలుగో జ్వరం లేచినాయి. మంచి ఆకలి మీద ఉండాయి."

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని, తలెత్తి కదలకుండా ఉండడాన్ని ఈ రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక గూడు కట్టేదాకా తినడమే దాని పని. లోపల వరసగా మెట్లు మెట్లుగా కట్టిన స్టాండ్ల మీద తెల్లటి పురుగులు పచ్చటి కొమ్మలెక్కి తింటున్నాయి. వెంకటమ్మ కోడలు మునియమ్మ మోకాటిమీద కట్ట పెట్టుకుని కొమ్మలు పరుస్తోంది. మొదలు ఇటు ఒకటి, అటు ఒకటి, కొన ఎప్పుడూ లోపలికి. రుక్సానాకూ ఒక కట్ట ఇచ్చారు. ఊరికే నిలబడటానికి ఆ షెడ్డులో చోటు లేదు, పని చేసేవాళ్ళకే ఉంది. ఆమె రెండు కొమ్మలు వేసేసరికి వెంకటమ్మ వచ్చి, "పురుగు మీద ఎయ్యొద్దు, పక్కన ఎయ్యి. అదే ఎక్కుతాది" అని సర్దింది.

అప్పుడు ఫోను మోగింది. అది వెదురు గుంజకు ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. మునియమ్మ చేతుల్లో ఆకు ఉండడంతో మోచేత్తో నొక్కింది.

"నమస్కారం. పట్టుబాటకు..."

"కొట్టేయ్ మే దాన్ని" అంది వెంకటమ్మ, తల కూడా తిప్పకుండా.

మునియమ్మ మళ్ళీ మోచేత్తోనే నొక్కి మాట ఆపేసింది. షెడ్డులో పురుగులు ఆకు కొరికే సన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తన మెడ మీద చెయ్యేసి గడప బయటికి నెట్టినట్టయింది రుక్సానాకు. చేతిలో కొమ్మ పట్టుకునే నిలబడిపోయింది.

"ఎందుకు పెద్దమ్మా, కొట్టేస్తివి?"

"రోజూ ఇంతేలేమ్మా. మేత ఎయ్యబోతానే దాపురిస్తాది."

"పలికేది బాగాల్యా? ఆమె గూళ్ళు అంటాదని వినల్యా? నిన్న గూడ్లు అనింది గదా, నిన్న వింటిరా?"

వెంకటమ్మ ఆమె వైపు వింతగా చూసింది.

"గూళ్ళనిందో గూడ్లనిందో మాకేం తెలుసు మే? అంతసేపు యాడ విన్న్యాము. నమస్కారం అంటానే కొట్టేస్తిమి."

రుక్సానా చేతిలోని కొమ్మను పురుగుల పక్కన పెట్టింది.

"ఎవురో ఏమో. పేరు చెప్పదు, ఊరు చెప్పదు, ఎవురి బిడ్డో చెప్పదు" అని వెంకటమ్మ కొమ్మలు పరుస్తూనే అంది. "పిలవని పేరంటానికి వచ్చినట్టు నేరుగా షెడ్డు నడిమికి వచ్చి మాట్లాడతాది. పురుగులుండే చోట ఎవురంటే వాళ్ళను రానిస్తామా? మా ఆడబిడ్డ వచ్చినా బయట నిలబడి పిలిచి, కాళ్ళు కడుక్కోనే వస్తాది. యా గాలి ఎట్లాంటిదో ఎవురికి తెలుసు."

"అది నేనే పెద్దమ్మా" అంది రుక్సానా.

"ఏది?"

"ఆ ఫోనులో మాట్లాడేది."

అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మునియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటమ్మ మాత్రం నవ్వలేదు, నిజంగానే నొచ్చుకుంది.

"అమానుల్లా బిడ్డవా అది? అయ్యో, ముందే చెప్తే కొడదునా. మునెమ్మా, మళ్ళ చెయ్యి ఆ నంబరుకు."

మునియమ్మ చేతులు తుడుచుకుని ఆ నంబరుకు తిరిగి చేసింది. మాట మొదటి నుంచి వచ్చింది. మేత వేస్తూ ముగ్గురూ విన్నారు. ఎండ ముదురుతుందని, తడిపట్టలు కట్టుకోవాలని, ఆకు తడిగా వేయకూడదని చెప్పినప్పుడు వెంకటమ్మ "అది మాకు తెల్దా" అంది. మార్కెట్లో ధర చెప్పినప్పుడు "పైకి పోయిందే" అంది. గూళ్ళు అన్నచోట ఎవరూ ఏమీ అనలేదు. చివర నమస్కారం దాకా విని, వెంకటమ్మ ఫోనుకే తలూపింది. రుక్సానా బయల్దేరేటప్పుడు సంచిలో మల్బరీ పండ్లు పోసిచ్చింది. వద్దంటే వినే మనిషి కాదు.

ఆటోలో కూర్చున్నాక రుక్సానాకు నవ్వొచ్చింది. వారమంతా మేడ మీద గూళ్ళా గూడ్లా అని, ఇంటి పైకప్పు గురించి అన్నట్టు కొట్లాడుకున్నారు, గడప దాటింది ఎవరూ లేరు.

*

"కుదరదు" అంది రమాదేవి. "పేరు చెప్పడం అసలు కుదరదు. నీ గొంతు నీది కాదని ఎన్నిసార్లు చెప్పాను?"

"అందుకే కొట్టేస్తాండారు మేడం. ఎవురిదో తెలియని గొంతును పురుగుల కాడికి రానియ్యరు. నేను ఈ పొద్దు ఆడనే ఉండి చూసినా. ముందు వాకిట్లో నిలబడి ఎవురి బిడ్డనో చెప్పల్ల. రమ్మంటే రావల్ల."

"ఫోనులో రమ్మని ఎట్లా అంటారు?"

"అనుకుంటారు మేడం. ఆ అనుకునేంతసేపు నేను ఆగల్ల."

గంగాధర్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆయన నాన్న కూడా ఒకప్పుడు పురుగులు పెంచినవాడే. "మేడం, అది నిజమే" అన్నాడు మెల్లగా. "మా అమ్మ మమ్మల్నే కాళ్ళు కడుక్కోకుండా రానిచ్చేది కాదు. నాకెట్ల తట్టలేదో."

రమాదేవి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కాగితం వైపు చూసింది.

"మొదటి మాటలు నీ ఇష్టం" అంది. "మిగతాదంతా నేను రాసింది రాసినట్టు. గూళ్ళు గూళ్ళే."

"గూళ్ళే మేడం" అంది రుక్సానా. ఆ గదిలో ఆ మాట ఎవరూ దిద్దకుండా ఆమె నోట సరిగ్గా రావడం ఇదే మొదలు. ఇద్దరూ అది గమనించారు.

మైకు ముందు కూర్చుని ఆమె ముందుగా చెప్పులు విడిచి పక్కన పెట్టింది. ఎందుకో అట్లా చేయాలనిపించింది.

"ఇంట్లో ఎవురుండారు? నేను హిందూపురం మార్కెట్లో గూడు ఊపే అమానుల్లా బిడ్డను, రుక్సానాను. వాకిట్లోనే నిలబడుండా. రావచ్చునా?"

ఆగింది. అద్దం అవతల గంగాధర్ "ఏమయింది, ఆగిపోయిందా?" అని సైగ చేశాడు. రమాదేవి అతని మోచెయ్యి పట్టుకుని ఉండమంది. గోనెపట్ట జరిగి, లోపలి నుంచి ఒక ముఖం చూసి, రమ్మని తలూపేంతసేపు రుక్సానా ఆగింది. ఆ తర్వాత రమాదేవి రాసిన మాటలు, రమాదేవి పలుకుతో, చివరిదాకా చదివింది.

శుక్రవారం మధ్యాహ్నం గంగాధర్ ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అమానుల్లా నవ్వు దాచుకోలేక దాచుకుంటూ చెప్పాడు. "వెంకటమ్మ ఫోను చేసింది. నువ్వు గూళ్ళు అన్న్యావని మునెమ్మ నగిందంట. ఏమనిందో తెలుసునా ఆమె? 'చదువుకున్న పిల్ల, ఎట్లన్నా అననీ. మన బిడ్డే గదా' అనిందంట."

షంషాద్‌బీ సంగటి ముద్ద మీద నెయ్యి ఎక్కువే వేసింది. రుక్సానాకు ఆ రాత్రి ఏ మాటా మళ్ళీ మళ్ళీ అనుకోవాల్సిన పని లేకుండా నిద్ర పట్టింది.

*

శనివారం గంగాధర్ బెంగుళూరు వాళ్ళకు వద్దని చెప్పేశాడు. కానీ ఇంకో చిక్కు తెచ్చాడు. హిందూపురం వైపూ, పెనుకొండ వైపూ మాట చివరిదాకా విన్నారు. ధర్మవరం వైపు పల్లెల్లో మాత్రం మునుపటి మాదిరే కొట్టేశారు. ఒకాయన ఫోను చేసి, "ఏ అమానుల్లా? మాకు తెలీదే" అని అడిగాడట. ఆ వైపు రైతులు గూళ్ళు ధర్మవరంలోనే అమ్ముకుంటారు, హిందూపురం వాళ్ళకు దూరం.

"ఈ వైపుకు ఈ ఊరి బిడ్డే కావల్ల" అని గంగాధర్ రమాదేవిని చూశాడు. రుక్సానా కూడా చూసింది.

"నేనా?" అంది రమాదేవి. "నేను రాసేదాన్ని. నాకు మైకు అలవాటు లేదు."

"మీ నాయన పేరు చెప్తే ఈడ తెలియనోళ్ళు ఎవురు మేడం?" అన్నాడు గంగాధర్.

రమాదేవి బల్ల మీది కాగితాలు ఒక దొంతరగా సర్దింది. వాళ్ళ నాన్న తిమ్మప్ప మగ్గం మీద కూర్చుంటే పాట పాడకుండా, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసరడు. వీధిలో పోయేవాళ్ళు ఆ పాటను బట్టే ఇల్లు గుర్తుపడతారు. పాటల తిమ్మప్ప అంటే ధర్మవరంలో నేతవాళ్ళకే కాదు, పట్టు అమ్మే రైతులకూ తెలుసు. ఈ ఆఫీసులో చేరినప్పటి నుంచీ ఆ పేరు ఆమె నోట ఎవరూ విన్నది లేదు.

లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మైకు గదిలోకి పోయింది. రుక్సానా ఇవతలి కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకుంది. అద్దానికి ఇవతల కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు.

"ఇంట్లో ఎవరున్నారు?" అని రమాదేవి ఆగిపోయింది. తల అడ్డంగా ఊపి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది. "ఇంట్లో ఎవురుండారు? నేను ధర్మవరం పాటల తిమ్మప్ప బిడ్డను, రమాదేవిని. వాకిట్లో ఉండా. రావచ్చునా?"

ఆగింది. రుక్సానా ఆగినదానికంటే ఇంకా ఎక్కువసేపే ఆగింది. కింద అంగట్లో సేటు చీర విదిలించిన విసురు మెట్లెక్కి వచ్చి పోయింది. ఆ తర్వాత రమాదేవి తాను రాసిన కాగితం ఎత్తి పట్టుకుని చదవసాగింది. గొంతు పోనుపోను కుదురుకుంది, కుదురుకున్నాక వెచ్చగా అయింది.

"ఎండలు ముదురుతాండాయి. తడిపట్టలు కట్టి పురుగుల ఇండ్లు చల్లగా పెట్టుకోండి. నిన్న మార్కెట్లో మేలురకం పట్టుగూడ్లు..."

రుక్సానా చెయ్యి లేచింది. వారాల తరబడి చూసిన అలవాటు, దానంతట అదే లేచింది. రమాదేవి కాగితం మీంచి తలెత్తలేదు. లేచిన చేత్తో రుక్సానా చున్నీ సర్దుకుని, ఆ చేతిని మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

చివరిదాకా చదివి, రమాదేవి హెడ్‌ఫోను తీసింది. చెంపలు ఎర్రబడి ఉన్నాయి. తలుపు సందులోంచి అడిగింది.

"ఎక్కడన్నా తప్పు పోయిందా రుక్సానా?"

"ఒక్కటీ లేదు మేడం."

రుక్సానా లేచిపోయి టీ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. రమాదేవి రెండు గుక్కలు తాగి, ఏదో అడగాలా వద్దా అని కాసేపు గ్లాసు అంచును తుడిచింది.

"రైతు కాకపోయినా ఈ ఫోను పోతుందా?"

"నంబరు చేరిస్తే పోతాది మేడం. ఎవురిది?"

రమాదేవి చూసుకోకుండా, గడగడా ఒక నంబరు చెప్పింది. రుక్సానా రాసుకుంది.

"గంగాధర్‌తో చెప్పు, ఆ నంబరుకు అందరికంటే ముందే పోవల్ల" అంది రమాదేవి. "పొద్దు పొడిచినాక మా నాయన మగ్గం గుంతలోకి దిగితే, ఇంగ ఎవురు పిలిచినా పలకడు."